మందు మొక్కకు ఏ మందు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఈసారి వేరుకుళ్ళు తెగులు గురించి రాస్తామని చెప్పగానే సంపాదకవర్గంలోని తమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అన్నా, పూర్వ విద్యార్థులు ఎవరైనా హాస్టల్ జ్ఞాపకాలు రాస్తారు, లేకపోతే ఉద్యోగాలు ఎలా సంపాదించాలో రాస్తారు. మీరు కుళ్ళు మీద రాస్తారా?" అన్నాడు ఒకడు. రాస్తాం. ఎందుకంటే ఈ హాస్టల్లో ట్రంకుపెట్టె తలాపున పెట్టుకుని పడుకున్న మనలో చాలామంది ఇళ్ళల్లో, పరీక్ష ఫీజు డబ్బో, పండగ బట్టల డబ్బో, అక్క పెళ్ళి డబ్బో ఏదో ఒక ఏడు చేలో వేరు దగ్గరే కుళ్ళిపోయింది. ఆ ఏడు మనందరికీ గుర్తుంది. ఆ తెగులు పేరే అప్పుడు మనకు తెలియదు.

మేం 2000 తర్వాత ఈ హాస్టల్లో చదువుకున్న నలుగురం. ఒకరిది మాచర్ల వైపు, ఒకరిది గురజాల వైపు, ఇద్దరిది నరసరావుపేట చుట్టుపక్కల. ఒకరు వ్యవసాయ పాలిటెక్నిక్ చదివారు, ఒకరు బడిలో జీవశాస్త్రం చెబుతున్నారు, ఇద్దరం కౌలుకు చేస్తున్నాం. నలుగురం కలిసినప్పుడల్లా ఏదో ఒక పూట మాటల్లోకి వచ్చే సంగతి ఒకటుంది. దాన్నే ఇక్కడ రాస్తున్నాం.

2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఔషధ మొక్కల బోర్డును ఏర్పాటు చేసింది. ఆ తర్వాత నాలుగైదేళ్ళు మన రాష్ట్రంలో ఎక్కడ చూసినా ఔషధ మొక్కల మాటే. సఫేద్ ముస్లి, అశ్వగంధ, కలబంద, కోలియస్. పత్తి, మిరప వేసి అప్పుల్లో ఉన్న రైతుకు ఆ పేర్లు కొత్త దారిలా కనిపించాయి. మాలో ఒకరి నాయన మాచర్ల పక్కన రెండెకరాల ఎర్రనేల కౌలుకు తీసుకుని కోలియస్ వేశాడు. ఊళ్ళోకి కరపత్రాలు పట్టుకుని వచ్చిన మనిషి మొక్కలు అమ్మాడు, గడ్డలు తామే తిరిగి కొంటామన్నాడు. నాలుగు నెలలు చేను కళకళలాడింది. తర్వాత ముసురు పట్టింది. ముసురు విడిచి ఎండ కాయగానే మొక్కలు మధ్యాహ్నం పూట వాలిపోవడం మొదలైంది. పట్టి లాగితే చేతికి వచ్చేసేవి. అడుగున గడ్డ ఉండాల్సిన చోట నల్లబడిన పీచు, ముక్కిన వాసన. కొట్లో ఇచ్చిన మందు మొదళ్ళలో పోశారు. మళ్ళీ పోశారు. మూడోసారి పోయడానికి అప్పు పుట్టలేదు. గడ్డలు కొంటానన్న మనిషి మళ్ళీ కనబడలేదు.

ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి వెళ్ళిన మావాణ్ణి నాయన ఒకే మాట అడిగాడట. "ఇది మందు మొక్క అన్నారు గదరా. జబ్బు తగ్గించే మొక్కకే జబ్బు చేస్తే దానికి ఏ మందు వేయాలిరా?"

మావాడు అప్పుడు ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. సమాధానం అతని పుస్తకంలోనే ఉంది. "మానవ సంక్షేమంలో సూక్ష్మజీవులు" అనే పాఠంలో, మొక్కల తెగుళ్ళను అదుపు చేసే శిలీంధ్రంగా ట్రైకోడెర్మా పేరు ఉంది. వేళ్ళ చుట్టూ ఉండే మట్టిలో అది స్వేచ్ఛగా బతుకుతుందని కూడా ఉంది. మావాడు దాన్ని రెండు మార్కుల ప్రశ్న అని అండర్‌లైన్ చేసుకున్నాడు. నాయన అడిగిన ప్రశ్నా, పుస్తకంలోని ఆ వాక్యమూ ఒకటేనని అతనికి తట్టలేదు. మాలో ఎవరికీ తట్టేది కాదు. తమ్ముళ్ళారా, మేం ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క సిగ్గే.

ముందు ఆ నాయన ప్రశ్నను సరిగ్గా అర్థం చేసుకుందాం. మన భాషలో "మందు" అనే మాట ఎంత బరువు మోస్తుందో చూడండి. డాక్టరు ఇచ్చేది మందు. చేలో కొట్టేది మందు. పల్నాడులో "ఫలానాయన మందు తాగాడంట" అంటే ఏమిటో మనలో ఎవరికీ వివరించనక్కర్లేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతులు పురుగు లొంగక, అప్పు తీరక ప్రాణాలు తీసుకున్న రోజుల నుంచీ ఆ మాటకు మన ఊళ్ళలో ఆ అర్థం పాతుకుపోయింది. రోగం తగ్గించేదానికీ ప్రాణం తీసేదానికీ ఒకే పేరు పెట్టుకుని బతుకుతున్నవాళ్ళం మనం.

పత్తిలో పోసిన విషం కొంతవరకు గుడ్డలోకి రాదని సర్దిచెప్పుకోవచ్చు. ఔషధ మొక్కలో అలా సర్దిచెప్పుకోవడానికి వీల్లేదు. అశ్వగంధలో మనం అమ్మేది వేరు. కోలియస్‌లో అమ్మేది వేరు. అందులోని ఫోర్‌స్కోలిన్ అనే పదార్థాన్ని 1970లలో మన దేశంలోని శాస్త్రవేత్తలే వెలికితీశారు. పసుపులో అమ్మేది దుంప. తెగులు వచ్చేదీ అక్కడే, మనం మందు పోసేదీ అక్కడే, రోగి నోట్లోకి వెళ్ళేదీ అదే. కుళ్ళు ఆపడానికి మొదళ్ళలో పోసే మందుల్లో కార్బెండజిమ్ వంటివి మొక్క లోపలికి ఇంకేవి. అలాంటి వేరును ఎండబెట్టి, పొడిచేసి, బలానికని బాలింతకు పాలల్లో కలిపి ఇస్తే మనం ఇచ్చింది ఏ మందు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఔషధ మొక్కల సాగుకూ సేకరణకూ మంచి పద్ధతులను సూచిస్తూ ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రకటించింది. పురుగుమందుల వాడకం వీలైనంత తగ్గించాలన్నది అందులో ముఖ్యమైన మాట.

పసుపు గాయాన్ని మాన్పుతుందన్న మన అమ్మమ్మల తెలివి మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. మనందరం గర్వపడ్డాం. పడాల్సిందే. కానీ పసుపు మనదే అని గెలిచినవాళ్ళం, ఆ పసుపు దుంపలో ఏం మిగిలి ఉందో కూడా చూసుకోవాలి కదా?

కాబట్టి మా అభిప్రాయం మొదట్లోనే చెబుతాం. ఔషధ మొక్కల్లో వేరుకుళ్ళుకు జీవనియంత్రణే సరైన దారి. అయితే బజారులో ఈరోజు జీవనియంత్రణ పేరుతో కౌలురైతు కొనుక్కుంటున్న ప్యాకెట్లలో జీవం ఉందో లేదో చూసే నాథుడు ఊరి దగ్గర లేడు. అది చూడకుండా "సేంద్రియం చేయండి" అని ఉపన్యాసం ఇస్తే, ఆ ఉపన్యాసం ఖర్చు కూడా పేదరైతే కట్టాలి.

ఇప్పుడు తెగులు సంగతి. వేరుకుళ్ళు అనేది ఒక్క జబ్బు కాదు. జ్వరం లాంటిది. దాని వెనక కారణాలు వేరువేరు. బెరడు ఊడి వచ్చి, లోపల బొగ్గుపొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే అది మాక్రోఫోమినా. ఎండ ఎక్కువై, చేను బెట్టకు వచ్చినప్పుడు ఇది విజృంభిస్తుంది. మన పత్తిలో వచ్చే ఎండుకుళ్ళుకూ ఇదే కారణం. దీని గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. కాండం నిలువునా చీలిస్తే లోపల గోధుమరంగు చార కనిపిస్తే ఫ్యుజేరియం కావచ్చు. మొదలు దగ్గర తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్రటివి ఉంటే స్ల్కిరోషియం. పసుపు దుంపను మెత్తగా కుళ్ళబెట్టేది పిథియం. దానికి నిలవ నీరంటే ప్రాణం. ఇవన్నీ గాక బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండుతెగులు ఇంకొకటి. దాన్ని పట్టుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. వాడిన మొక్క కాండం కోసి, గాజుగ్లాసులో తేట నీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళలో ముంచి కాసేపు చూడండి. పాలధారలాగా సన్నటి తీగ కిందికి దిగితే అది బ్యాక్టీరియా. అప్పుడు శిలీంధ్రాల మందు ఎంత పోసినా బూడిదలో పోసిన పన్నీరే. గ్లాసుడు నీళ్ళు ఖర్చయ్యే ఈ పరీక్ష తెలియక వేల రూపాయల మందు పోసినవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు.

ఇక ట్రైకోడెర్మా. 1932లో వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త, ఈ బూజు మట్టిలోని వేరే బూజులను తినేస్తుందని రాశాడు. తెగులు కలిగించే శిలీంధ్రపు దారాలను ఇది పాములాగా చుట్టుకుంటుంది. దాని గోడను కరిగించే ఎంజైములు వదులుతుంది. లోపలికి దూరి దాన్నే ఆహారం చేసుకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, వేరు చుట్టూ ఉన్న చోటునూ తిండినీ ముందుగా ఆక్రమిస్తుంది. మొక్కకు సొంతంగా తట్టుకునే శక్తిని కూడా మేల్కొల్పుతుంది. దీనికి తోడు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే మంచి బ్యాక్టీరియా ఉంది. మట్టిలోని ఇనుమును అది ముందే పట్టేసుకుని చెడ్డవాటికి దక్కనివ్వదు. కోలియస్ వేరుకుళ్ళు, ఎండుతెగులు మీద సూడోమోనాస్‌నూ వేళ్ళతో జతకట్టి బతికే మైకోరైజా శిలీంధ్రాలనూ బెంగళూరులోని సీమ్యాప్ పరిశోధన కేంద్రం వారు పరీక్షించి, మేలు జరుగుతుందని చెప్పారు.

మన పల్నాటివాళ్ళకు ఇది చెప్పాలంటే పెద్ద సైన్సు అక్కర్లేదు. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఈ హాస్టల్ మెస్సులో మనం తిన్నది కూడా అలాంటి కూడే. మంచి మట్టి కూడా చాపకూడే. లెక్కలేనన్ని జీవులు ఒకే చాప మీద తింటున్నంతకాలం ఏ ఒక్కటీ పెత్తనం చేయలేదు. కుళ్ళు తెగులు కూడా ఆ చాప మీద ఓ మూల కూర్చున్నదే. మనం విషం పోసి అందరినీ లేపేస్తే, ముందుగా తిరిగొచ్చి చాపంతా పరుచుకునేది అదే. పశువుల ఎరువు వేయడమంటే చాప పరవడం. ట్రైకోడెర్మా వేయడమంటే మనవాణ్ణి ముందు కూర్చోబెట్టడం.

పద్ధతి కూడా రాస్తాం, దాచుకోవడానికి ఏమీ లేదు. ఎకరానికి 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడిని, బాగా మాగిన 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలపాలి. చెట్టునీడలో పరిచి, నీళ్ళు చిలకరించి, తడి గోతాలు కప్పాలి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి గాని నీరు కారకూడదు. వారం పది రోజుల్లో ఎరువు మీద బూజు తెల్లగా మొదలై పచ్చగా మారుతుంది. అప్పుడు నేలలో తేమ చూసి సాళ్ళలో వేయాలి. వేపపిండి వేళ్ళను కుట్టే నులిపురుగులను కూడా తగ్గిస్తుంది. ఆ పురుగు చేసిన గాయాల్లోంచే కుళ్ళు లోపలికి వెళుతుంది కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. విత్తనంతో వేసే పంటయితే కిలోకు 8 నుంచి 10 గ్రాములు పట్టించి విత్తుకోవచ్చు. నీరు నిలవకుండా బోదెలు చేసుకోవాలి. 1967లో సాగర్ నీళ్ళు కాలవల్లోకి వచ్చాక మనకు నీళ్ళు పెట్టడం వచ్చింది గాని, నీళ్ళు తీయడం అంతగా రాలేదు. మురుగు కాలవ లేని నల్లరేగడిలో అశ్వగంధ వేసి, ట్రైకోడెర్మా మీద భారం వేస్తే అది మాత్రం ఏం చేస్తుంది?

"ఇవన్నీ మేమూ వేశామయ్యా, పని చేయలేదు" అనే పెద్దలు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళను వెనకబడినవాళ్ళని తీసిపారేయడం తప్పు. వాళ్ళు చెప్పేది నిజం. ఎందుకు పని చేయలేదో చూడాలి.

ఒకటి, కుళ్ళు వచ్చాక వేయడం. ట్రైకోడెర్మా కాపలాదారు, ఆపరేషను చేసే డాక్టరు కాదు. కుళ్ళిన వేరును అది తిరిగి బాగుచేయలేదు. నాటకముందే నేలలో ఉండాలి. రెండు, పొద్దున దీన్ని వేసి సాయంత్రం రాగిమందో, కార్బెండజిమో పోయడం. అది కూడా శిలీంధ్రమే కదా, శిలీంధ్రాన్ని చంపే మందు దాన్ని మాత్రం వదులుతుందా? మూడు, పెంట ఊసే లేని ఉత్త మట్టిలో వేయడం. తిండి లేనిచోట ఏ ప్రాణి నిలుస్తుంది?

నాలుగోది మనల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది. ప్యాకెట్లో ప్రాణం లేకపోవడం. ట్రైకోడెర్మా 25 నుంచి 30 డిగ్రీల దగ్గర బాగా పెరిగే జీవి. టాల్కు పొడిలో కలిపి అమ్మేది కొన్ని నెలలే నిలవుంటుంది. ప్రతి ఎండాకాలం రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడని అడిగితే పేపర్లో వచ్చే పేరు మన రెంటచింతల. అలాంటి తాలూకాలో మే నెలంతా రేకుల కొట్టులో అట్టపెట్టెలో మగ్గిన ప్యాకెట్టును జూన్‌లో తెచ్చి చల్లితే చేలో పడేది ఏమిటి? టాల్కుపొడి. మొహానికి రాసుకునే పౌడరుకూ దానికీ పెద్ద తేడా లేదు. ఎండకు బలపడే తెగులు మాక్రోఫోమినా, ఎండకు చచ్చే కాపలాదారు ట్రైకోడెర్మా. పల్నాడులో ఈ రెండింటి పోటీ ఎలా ముగుస్తుందో కొట్టు దగ్గరే తేలిపోతోంది.

మేం ఒకసారి సరదాకి చూశాం. జొన్నలు బాగా ఉడకబెట్టి, ఆరబెట్టి, మూడు కవర్లలో పోశాం. రెండింటిలో రెండు చోట్ల కొన్న పొడులు చల్లాం, మూడోదాంట్లో ఏమీ వేయలేదు. అయిదారు రోజులకు ఒక కవరు నిండా చిక్కటి పచ్చబూజు అల్లుకుంది. రెండో కవరూ, ఏమీ వేయని కవరూ ఒక్కలాగే ఉన్నాయి. రెండు పొడులకూ మేం ఇచ్చిన ధర మాత్రం ఇంచుమించు ఒకటే. ఇది కోర్టులో నిలిచే పరీక్ష కాదని మాకు తెలుసు. వేరే పచ్చబూజులు కూడా ఉంటాయి. కానీ ఏమీ మొలవని పొడిని చూశాక, కౌలుకు చేసే మా ఇద్దరికీ ఆ రాత్రి అన్నం సహించలేదు. అదే పొడి నమ్ముకుని ఎకరా వేసుంటే?

చట్టం లేక కాదు. ఈ జీవ మందులు కూడా 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికే వస్తాయి. రిజిస్ట్రేషను ఉండాలి. గ్రాము పొడిలో కనీసం 20 లక్షల బతికున్న బీజాలు ఉండాలి. తయారైన తేదీ, గడువు తేదీ ప్యాకెట్టు మీద ఉండాలి. 2021 నుంచి నియోజకవర్గ స్థాయిలో వ్యవసాయ పరీక్ష ల్యాబులు వచ్చాయి. ఊళ్ళలో రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. గుంటూరు పక్కన లాంలో ఇంత పెద్ద పరిశోధన స్థానం ఉంది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా మనకంటూ ఒక జిల్లా కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా, కౌలురైతు చేతిలోని ప్యాకెట్టు బతికుందా చచ్చిందా అని ఆ రైతుకు విత్తే ముందు చెప్పేవాళ్ళు కావాలి. విత్తనానికి మొలక శాతం అడుగుతాం. ఎరువుకు నత్రజని శాతం అడుగుతాం. జీవ మందుకు జీవాల లెక్క ఎందుకు అడగం?

అందుకే మేం కోరేవి మూడే. ప్రతి సీజనుకు ముందు కొట్లలోని జీవ మందుల నమూనాలు తీసి, బతికున్న బీజాల లెక్క కట్టి, ఫలితాలు రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో అంటించాలి. ఎండాకాలంలో వీటిని చల్లగా నిలవచేసే ఏర్పాటు లేని చోట అమ్మకానికి అనుమతి ఇవ్వకూడదు. అన్నిటికంటే మేలైనది, ఎక్కడో తయారై లారీలో ఎండకు ఎండి వచ్చేదాని బదులు జిల్లాలోనే తాజాగా తయారుచేయించి, పొదుపు సంఘాల అమ్మలచేత ఊరి పెంటదిబ్బ దగ్గరే పశువుల ఎరువులో పెంచి ఇప్పించాలి. ప్రకృతి సేద్యంలో 2016 నుంచి మన రాష్ట్రంలో ఊరూరా మహిళలు కషాయాలు, ఘనజీవామృతం చేస్తూనే ఉన్నారు. వాళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు. బతికున్న తోడు చేతికిస్తే చాలు, పెరుగు తోడేసినట్టు తోడేస్తారు.

ప్రభుత్వాన్ని అడగడంతో మన పని అయిపోదు. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీలో బైపీసీ చదివేవాళ్ళున్నారు. వ్యవసాయ పాలిటెక్నిక్కులకు వెళ్ళేవాళ్ళున్నారు. ఈ వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేయండి. ఇంట్లో ఉన్న మందుల ప్యాకెట్ల మీది తేదీలు నాయనకు చదివి వినిపించండి. చదువురాని మనిషికి గడువు తేదీ కనబడదు. వాడిన మొక్క కనిపిస్తే గాజుగ్లాసు పరీక్ష చేసి చూపించండి. చెట్టునీడలో ఒక్క గంపెడు ఎరువులో ట్రైకోడెర్మా పెంచి చూడండి. పచ్చబడితే చేనుకు వేయండి. పచ్చబడకపోతే ఆ ప్యాకెట్టూ బిల్లూ పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్ళండి. బిల్లు అడగడానికి మొహమాటపడకండి. బిల్లు లేని రైతుకు న్యాయం లేదు.

మన తాతలకు భూమి లేదు. మన నాయనలకు కౌలుకు దొరికింది. మనకు దొరికింది చదువు. ఆ చదువు హాస్టల్ గేటు దగ్గరే ఆగిపోయి, చేను దాకా నడవకపోతే ఇన్నేళ్ళు మనం తిన్న ప్రభుత్వ కూడుకు అర్థమేముంది? ఇదే పల్నాటి గడ్డ మీద, వినుకొండలో 1895లో పుట్టిన జాషువా చదువును పట్టుకునే అవమానాల్ని ఎదిరించి నిలబడ్డాడు. మనం కనీసం దాన్ని పట్టుకుని ఒక నకిలీ ప్యాకెట్టునన్నా ఎదిరించలేమా?

మావాడి నాయన ఇప్పటికీ ఉన్నాడు. కోలియస్ మళ్ళీ వేయలేదు. పోయిన ఏడు మావాడు అరెకరంలో అశ్వగంధ వేస్తానంటే మొదట వద్దన్నాడు. తర్వాత గోతం ఎత్తి, పచ్చగా బూజు పట్టిన ఎరువును చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "ఇది బతికే ఉందిరా" అన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆయన అడిగిన ప్రశ్నకు మేం ఇవ్వలేకపోయిన జవాబు ఆ మాటలోనే ఉంది. మందు మొక్కకు వేయాల్సింది బతికున్న మందు. అది బతికుండేలా చూసే పూచీ, చదువుకున్న మనది.